సిగ్నల్ ఉన్న చివరి మలుపు

“జర జరుగుతరా? ఊరంత కలిసి రోడ్డుకు అడ్డం నిలబడితే మేమెట్ల పోవాలె?”

శ్రావణ్‌కుమార్‌కు ఆ రోజు అసలే చిరాగ్గా ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు డిపార్చర్ గేటు ముందు పాతికమంది గుంపు. మధ్యలో ఒక పెద్దాయన టమాటాలు తూచే కొక్కెం కాంటాకు సూట్‌కేసు తగిలించి, పళ్లు బిగబట్టి పైకెత్తుతున్నాడు. ముల్లు ఇరవై ఏడు దగ్గర ఊగుతోంది.

“నాలుగు కిలోలు ఎక్కువున్నది బాపూ. పచ్చడి తీసెయ్యి,” అంటోంది ఒక అమ్మాయి. పక్కనున్న తల్లి మాత్రం పచ్చడి డబ్బా మీద చెయ్యి పెట్టి, బిడ్డను దాచుకున్నట్టు దాచుకుంటోంది.

“మేడం, ఇక్కడ మార్కెట్ యార్డు పెట్టిండ్రా?” అన్నాడు శ్రావణ్.

ఆ అమ్మాయి చురుక్కున తిరిగింది. “ఆఁ, పెట్టినం. నువ్వేమన్న కొంటవా?”

పెద్దాయన నవ్వాడు. ఆయన పేరు జంగయ్య, మహేశ్వరం దగ్గర మూడెకరాల రైతు. ఆయన చూపు శ్రావణ్ సామాను మీద పడింది. “నీ సంచి గింత సన్నగున్నదేంది బిడ్డా? ఎంత దూరం పోతున్నవు?”

“ఆస్ట్రియా కాకా. చదువుకోను.”

“మా రేఖ గూడ అక్కడికే! మరి ఇంట్ల ఏం కట్టియ్యలేదా?”

“కట్టిచ్చేటోళ్లు లేరు కాకా. అమ్మ చిన్నప్పుడే పోయింది. నాయిన గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల డ్యూటీకి పోయిండు.”

జంగయ్య కాంటా కింద పెట్టాడు. తర్వాత పచ్చడి డబ్బా, నువ్వుల పొడి, గుడ్డలో చుట్టిన ఎండు జొన్నరొట్టెలు తీసి శ్రావణ్ సంచిలో తన చేత్తోనే సర్దాడు. “ఇవి నీకే అనుకో. సగం దానికి పెట్టు. మా పిల్లను జర చూస్కో.”

“నన్నెవరూ చూసుకోవాల్సిన పని లేదు,” అని రేఖ మూతి ముడుచుకుంది. లోపలికి వెళ్లాక మాత్రం తన రొట్టెలు ఎక్కడికీ పోకుండా అతని వెనకే నడిచింది.

*

పచ్చడి రెండు నెలల్లో అయిపోయింది. పోట్లాట మాత్రం అయిపోలేదు.

“నా సగం నువ్వే తిన్నవు.”

“నీ సగం ఏదో రాసి ఉన్నదా డబ్బా మీద?”

రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ చదివిన రేఖ అక్కడ మట్టి మీద ఎమ్మెస్ చేస్తోంది. శ్రావణ్‌ది మెషీన్ల చదువు. రెండు బిల్డింగుల మధ్య అరగంట నడక. అయినా వాన వచ్చిన ప్రతిసారీ గొడుగు మర్చిపోవడం ఆమెకు అలవాటైంది, రెండు గొడుగులు పట్టుకురావడం అతనికి అలవాటైంది. కొన్నాళ్లకు అతను రెండోది తేవడం మానేశాడు. ఆమె ఎందుకని అడగలేదు.

అంతవరకే. పదకొండు నెలలైనా అసలు మాట నోటి దాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. సెప్టెంబర్‌లో స్టూడెంట్ గ్రూపు వాళ్లు శని, ఆదివారాలు కొండెక్కి, పైన ‘హట్’ అనే కొయ్య ఇంట్లో ఒక రాత్రి ఉండి రావాలని ప్లాన్ వేశారు. ఇక అక్కడే చెప్పేయాలని శ్రావణ్ నిశ్చయించుకున్నాడు.

కొండెక్కే సంగతి విన్న దగ్గర నుంచి రేఖ తల్లి ఈరమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆ కొయ్య ఇళ్లలో పడుకోవాలంటే సంచిలా కుట్టిన దుప్పటి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట. తన పాత నూలు చీరలు రెండు కలిపి కుట్టి, అటు వెళ్లే ఎవరి చేతికో ఇచ్చి పంపింది. తల్లులకు బిడ్డ ఎంత దూరంలో ఉంటే చలి అంత ఎక్కువ కనబడుతుంది.

“గుట్టెక్కుడేంది బిడ్డా? చదువుకొమ్మని పంపితే మేకలు కాస్తున్నవా?” అన్నాడు జంగయ్య ఫోన్‌లో.

“పైకెక్కి నీకు చూపిస్త బాపూ. మన టమాటా తోటంత పెద్ద మంచుగడ్డ ఉంటది.”

“నాకు మంచుగడ్డ వద్దు. నేనడిగింది చూపియ్యి,” అన్నాడాయన. రేఖ నవ్వి ఫోన్ పెట్టేసింది. పక్కనే ఉన్న శ్రావణ్‌కు ఆయన అడిగిందేమిటో అర్థం కాలేదు.

*

ఏడుగురు బయల్దేరారు. ముందు నడిచే హరిప్రసాద్‌ది భీమవరం. “జాగ్రత్తండీ, రాళ్లు జారుతున్నాయండీ,” అని రాయి రాయికీ చెబుతున్నాడు.

“రాళ్లకు గూడ ‘అండీ’ పెడుతున్నడు,” అని రేఖ పకపకా నవ్వింది. ఆమె స్నేహితురాలు మాధవీలత ఆయాసంతో నవ్వలేక, రొప్పలేక గడ్డి మీద కూలబడింది.

దారిలో ఒక మలుపు. ఒక కొయ్య బల్ల, పక్కన పసుపు రంగు బోర్డు. ఫోన్ సిగ్నల్ అక్కడి వరకేనట, దాటితే మళ్లీ దిగేదాకా లేదు. అందరూ ఆగి ఇళ్లకు మెసేజీలు కొడుతున్నారు. మధ్యాహ్నం రెండు. ఇండియాలో అయిదున్నర.

శ్రావణ్ ఫోన్ మోగింది. రేఖ అన్న వీరేందర్.

“తమ్మీ, రేఖ పక్కన్నే ఉన్నదా? జర దూరం జరుగు.”

శ్రావణ్ పది అడుగులు పక్కకు వెళ్లాడు.

“బాపుకు ఛాతిల నొప్పొచ్చింది. దవాఖానకు తెచ్చినం. భయం లేదంటున్నరు. అమ్మ ఆధార్ కార్డులు తేను ఇంటికి పోయింది. దానికి మాత్రం చెప్పకు. గుట్ట మీద ఉన్నది. గాబరాల కాలు జారితే ఎట్ల? రేపు దిగినంక నేనే చెప్త.”

ఫోన్‌లో వెనక నుంచి ఆయాసంతో ఒక గొంతు వినిపించింది. “ఎవలు రా? రేఖ దోస్తా? ఆ పిలగాడా? ఇద్దర్ని… ఒక్కసారి చూపియ్యి రా వీరేందరూ.”

“రేపు చూద్దువు బాపూ. మాట్లాడొద్దన్నరు.” వీరేందర్ మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. “చూస్తే ఇది ఏడుస్తది, ఆయన ఇంక పరేషానైతడు. మాటియ్యి తమ్మీ.”

“సరే అన్నా,” అన్నాడు శ్రావణ్.

వెనక్కి వచ్చేసరికి రేఖ వేళ్లతో జుట్టు సర్దుకుంటోంది. చేతిలో ఫోన్ ఉంది. చెంపలు ఎండకో దేనికో ఎర్రగా ఉన్నాయి.

“ఇటు రా. బాపుకు వీడియో కాల్ చేద్దాం. నువ్వు గూడ కనబడాలె.”

“నేనెందుకు?”

“ఉన్నది ఒక ముచ్చట. రా అంటే రా.”

శ్రావణ్ దారి వైపు తిరిగాడు. “వద్దు రేఖా. లేటైతది. ఏడు దాటితే పైన అన్నం పెట్టరట. రేపు దిగేటప్పుడు చేద్దాం.”

“రెండు నిమిషాలు రా! బాపు ఎదురు చూస్తుంటడు.”

శ్రావణ్ ఆమె చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకున్నాడు. ఆమె బ్యాగు జేబులో పెట్టి జిప్పు లాగాడు. “చెప్పిన గద. నడువు.”

రేఖ కళ్లు పెద్దవి చేసి చూసింది. తర్వాత నవ్వింది. “అబ్బో! అప్పుడే మొగుని లెక్క ఆర్డర్లా?”

ఆమె ముందు నడిచింది. మలుపు తిరగగానే ఫోన్లలో గీతలు మాయమయ్యాయి.

*

హట్‌లో బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. ఒక పెట్టె నిండా ఊలు చెప్పులుంటాయి, ఎవరికి దొరికినవి వాళ్లు వేసుకోవాలి. రేఖకు రెండూ ఎడమకాలివే దొరికాయి. ఆ చెప్పులతో కోడిలా నడిచి చూపించి అందర్నీ నవ్వించింది. తల్లి కుట్టిన చీరల సంచిని పరిచి, “చూడుండ్రి, మా అమ్మ నన్ను పార్సిల్ చేసింది,” అంది.

శ్రావణ్ సూప్ గిన్నె ముందు కూర్చున్నాడు. చెంచా ముంచలేదు.

పొద్దు వాలే వేళ రేఖ అతన్ని బయట బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. లోయ నిండా పొగమంచు పాలలా పొంగుతోంది. కింద ఎక్కడో ఆవుల మెడగంటలు.

“నువ్వు చెప్పేటట్టు లేవు. నేనే చెప్త,” అంది రేఖ. “పోయిన వారం బాపుకు నీ ముచ్చట చెప్పిన.”

“నా ముచ్చటేంది?”

“మట్టి బుర్రా! నువ్వంటే నాకిష్టమని చెప్పిన.” ఆమె చలికి వేళ్లను చొక్కా చేతుల్లోకి లాక్కుంది. “తిడుతడనుకున్న. ‘ఆ సన్న సంచి పిలగాడా?’ అన్నడు. ‘మరి నన్ను కాకా అంటడేంది? కాకా అంటే నీకు అన్నయితడు గద. మామా అనుమను’ అన్నడు.”

శ్రావణ్ బల్ల మీద కూర్చున్నాడు.

“ఇద్దరు పక్కపక్కన నిలబడితే చూడాలన్నడు. గుట్టెక్కినంక చూపిస్తనన్న. చూసి అవునంటనో కాదంటనో చెప్తనన్నడు. గందుకే మధ్యాహ్నం పిలిస్తే… నీకు అన్నం తొందర!”

ఇద్దర్ని ఒక్కసారి చూపియ్యి రా. ఆ మాట ఇప్పుడర్థమైంది. శ్రావణ్ దిగ్గున లేచాడు. లోపలికి పరుగెత్తి హట్ నడిపే ముసలావిడను ఫోన్ ఉందా అని అడిగాడు. లేదు. ఎవరైనా కొండ మీద చిక్కుకుంటే పిలిచే రేడియో ఒక్కటే ఉంది. ఆ మలుపు దాకా దిగి వస్తానన్నాడు. ఆమె కిటికీలోంచి పొగమంచు చూపించి, తలుపుకు అడ్డం నిలబడింది.

తిరిగి వచ్చేసరికి రేఖ ముఖం చిన్నబోయి ఉంది. “నీకు ఇష్టం లేకుంటే లేదని చెప్పు. ఉరుకుడెందుకు?”

“ఉన్నది రేఖా.” అతని కళ్లు నిండాయి. “మొదటి రోజు నుంచి ఉన్నది.”

“మరి ఏడుస్తవేంది?” ఆమె నవ్వుతూ చొక్కా చేత్తో అతని చెంపలు తుడిచింది. “అయ్యో, గింత ప్రేమనా పిచ్చోడా! రేపు దిగంగనే ఇద్దరం కలిసి చేద్దాం, సరేనా?”

అతను తలూపాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కాని పొద్దున దిగే దారి నిండా తడి రాళ్లు. కాలు జారితే ఎట్ల అన్న మాట అతని చెవుల్లోనే ఉంది.

*

మర్నాడు ఆ మలుపు దగ్గరికి రాగానే శ్రావణ్ ఫోన్‌కు మెసేజీ వచ్చింది. ‘బాపు పోయిండు తమ్మీ. తెల్లారుజామున. దానికి సీరియస్ అని మాత్రం చెప్పు. ఇంటి దాకా రావాలె గద.’

దూరంలో ఉన్న బిడ్డకు చావు కబురు నేరుగా చెప్పరు. బాగాలేదు, బయల్దేరు అంటారు. ప్రతి ఇంట్లోనూ అంతే. శ్రావణ్ కూడా అంతే చెప్పాడు. ఆమెతో పాటు విమానమెక్కాడు. దారి పొడుగునా రేఖ మొక్కులు మొక్కుతూనే ఉంది. బాపు లేచి తిరిగితే చెప్పుల్లేకుండా నడుస్తానంది, ఏడాది తీపి ముట్టనంది. శ్రావణ్ ఆ మొక్కులన్నీ పక్కన కూర్చొని విన్నాడు.

శంషాబాద్‌లో దిగారు. బయట రేఖ చిన్నాయన కొడుకు జగన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. పంపడానికి పాతికమంది వచ్చిన చోట ఒక్కడు.

“ఏ దవాఖాన అన్నా?” అని రేఖ అడిగింది.

జగన్ ఆమె ముఖం చూడకుండా సూట్‌కేసు అందుకున్నాడు. “ఇంటికే పోదాం చెల్లె.”

రేఖ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

*

పదకొండు రోజులు గడిచాయి. శ్రావణ్ రోజూ నాయిన బండి మీద వచ్చేవాడు. టెంటు కుర్చీలు సర్దాడు, నీళ్ల డ్రమ్ములు మోశాడు. ఊళ్లో ఎవరు ఏమనుకున్నా ఈరమ్మకు మాత్రం అతను ఇంటి మనిషైపోయాడు.

పెద్దకర్మ నాడు ఆమె అతని విస్తట్లో అన్నం వడ్డిస్తూ అంది. “ఆయన నాతో అన్నడు బిడ్డా. పిలగాడు మంచోడే, ఒక్కసారి కండ్లార చూస్త అన్నడు. చూడకనే పాయె. ఏడాది లోపల పెండ్లి చేస్తే పుణ్యమంటరు. మీ నాయినను ఒకసారి రమ్మను.”

శ్రావణ్ తలెత్తాడు. ఎదుటి వరసలో వీరేందర్ తల వంచుకొని తింటున్నాడు.

భోజనాలయ్యాక శ్రావణ్ అతన్ని పక్కకు పిలిచాడు. “ఫోన్ ముచ్చట రేఖకు చెప్పేస్త అన్నా.”

వీరేందర్ చేతులు పట్టుకున్నాడు. “వద్దు తమ్మీ. నేను ఏ చెడు కోరి చెయ్యలే గద. అమ్మకు తెలిస్తే జన్మల నా మొఖం చూడది. మనిద్దరి మధ్యల్నే ఉండనియ్యి. పెండ్లి చేసుకొని దాన్ని మంచిగ చూస్కో, చాలు.”

అది తేలికైన దారే. రేఖ దక్కుతుంది, ఇల్లు దక్కుతుంది, తన చిన్నప్పుడే పోయిన అమ్మ స్థానంలో ఇంకో అమ్మ దక్కుతుంది. శ్రావణ్ ఆ మధ్యాహ్నం దాదాపు ఒప్పుకున్నాడు.

రేఖ పొలం గట్టు మీద ఉంటే పిలవడానికి వెళ్లాడు. పక్క చేను ఎప్పుడో ప్లాట్లయింది, రంగు రాళ్లు పాతి ఉన్నాయి. వీళ్ల చేలో టమాటాలు కోసే దిక్కు లేక పండి నేల రాలుతున్నాయి. నెత్తి మీద నుంచి ఒక విమానం చక్రాలు దించుకుంటూ కిందికి పోతోంది.

“తిన్నవా?” అంది రేఖ. మనిషి సగమైంది. “నాకు ఒక్కటే కనబడుతుంది శ్రావణ్. ఆ బల్ల కాడ ఫోన్ నా చేతులనే ఉండె. నువ్వు వద్దంటే మాత్రం నేను ఆగాల్నా? రెండు నిమిషాలు. బాపు దవాఖానల పడుకొని నా ఫోన్ కోసం చూస్తుంటె, నేను నవ్వుకుంట గుట్టెక్కిన. నేనేం బిడ్డను?”

“నీ తప్పు కాదు రేఖా.”

“నీది గూడ కాదు. నీకేం తెలుసు? నీకు తెలిస్తే నువ్వు ఆపుదువా?”

ఆమె అతన్ని ఓదారుస్తోంది. తనను తాను కొరుక్కు తింటూ, అతన్ని ఓదారుస్తోంది. శ్రావణ్ ఇక నిలబడలేకపోయాడు. గట్టు మీద కూర్చున్నాడు.

“తెలుసు.”

“ఏంది?”

“నాకు తెలుసు. మీ అన్న అప్పుడే ఫోన్ చేసిండు. నువ్వు నన్ను పిలువక ముందే. చెప్పొద్దని మాట తీసుకున్నడు. నేను తెలిసే ఆపిన.”

విమానం చప్పుడు దూరమైంది. రేఖ అతని వైపు తిరిగింది. అతను ఎవరో గుర్తు పట్టడానికి చూసినట్టు చూసింది.

“బాపు మాట్లాడిండా?”

“నాతోటి కాదు. వెనక నుంచి వినబడ్డది.”

“ఏమన్నడు? ఆయన ఎట్లన్నడో గట్లనే చెప్పు.”

“‘ఆ పిలగాడా? ఇద్దర్ని ఒక్కసారి చూపియ్యి రా వీరేందరూ’ అన్నడు.”

“మళ్లొకసారి చెప్పు.”

చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించుకుంది. అప్పుడు పగిలింది ఏడుపు. పదకొండు రోజులుగా ఎవరికీ వినిపించని ఏడుపు. శ్రావణ్ చెయ్యి చాపితే వెనక్కి జరిగింది.

“సచ్చిపోయిండని తెలిసి విమానంల దాచినవు, అది నాకు బాధ లేదు. అందరు గట్లనే చేస్తరు. కాని బతికి ఉన్నప్పుడు దాచినవు చూడు…” ఆమె లేచింది. “నీ ఫ్లైట్ ఎప్పుడు?”

“ఎల్లుండి.”

“పో. ఇంక ఇంటికి రాకు.” నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు. “అక్కడికి పోయినంక రోజు ఫోన్ చెయ్యి. నేను ఎత్తుతనో ఎత్తనో నాకే తెల్వదు. నువ్వైతే చెయ్యి.”

*

శ్రావణ్ రోజూ చేశాడు. మధ్యాహ్నం రెండింటికి, ఇండియాలో అయిదున్నరకు. ఫోన్ పూర్తిగా మోగి ఆగిపోయేది. ఆమె బ్లాక్ చేయలేదు, ఎత్తలేదు. హరిప్రసాద్ ఒకరోజు మెల్లగా, “ఎన్నాళ్లు చేస్తారండీ బాబూ?” అన్నాడు. శ్రావణ్ మర్నాడు కూడా చేశాడు. గంట మోగినంతసేపూ ఆ ఇంట్లో తనొకడున్నట్టుండేది. అదొక్కటే.

అక్కడ మొదటి మంచు పడింది. గొడుగు ఒక్కటే తెచ్చుకునేవాడు. అలవాటుగా పక్కకు పట్టేవాడు, సగం వీపు తడిసేది.

ముప్పై నాలుగో రోజు మూడోసారి మోగగానే ఫోన్ ఎత్తారు.

శ్రావణ్ నడుస్తున్నవాడు రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. 

“రేఖా.”

“వింటున్న.” గొంతు ముదిరినట్టుంది. “అన్నతోటి నెల దినాలు మాట్లాడలే. ఇయాల మాట్లాడిన. పక్కన్నే ఉన్నడు. ఏడుస్తున్నడు.”

“నువ్వెట్లున్నవు?”

“అది తర్వాత. అమ్మ రోజు నిన్నడుగుతుంది. పిలగాడు ఎందుకొస్తలేడు, మీరిద్దరు ఎందుకు కొట్లాడుకున్నరని. నేను నోరు మూసుకొని ఉంటున్న. నేను గూడ దాచుడు మొదలుపెట్టిన శ్రావణ్, మీ లెక్కనే. నాతోని గాదు.” ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. “నాకు చెప్పినట్టే అమ్మకు చెప్పు. అన్న తన వంతు చెప్తడట. నీ వంతు నువ్వు చెప్పు. అమ్మ ఏమంటదో నాకు తెల్వదు. నిన్ను కాదంటే నేను అమ్మను కాదనను. గది గూడ తెలుసుకో.”

“సరే.”

“నాకు నువ్వు కావాలె,” అంది రేఖ ఒక్కసారిగా, కోపంగా. “గందుకే చెప్పమంటున్న.”

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఈరమ్మ గొంతు వచ్చింది. “బిడ్డా! ఎన్ని దినాలాయె! మంచిగున్నవా? అక్కడ చలి మస్తు ఉన్నదట గద. తలకు గుడ్డ కట్టుకుంటున్నవా?”

ఆ ఆప్యాయత ఇంకొక్క నిమిషమే తనదని శ్రావణ్‌కు తెలుసు. ఆ ఒక్క నిమిషాన్ని కూడా సాగదీసుకోవాలనిపించలేదు. గొడుగు మూసి, పక్కనున్న మెట్టు మీద కూర్చున్నాడు. మంచు అతని జుట్టు మీద పడుతోంది.

“అమ్మా,” అన్నాడు, “నేను చెప్పేది మొత్తం విని, అప్పుడు నన్ను ఏమన్న అను.”

“ఏంది బిడ్డా? చెప్పు,” అంది ఈరమ్మ.

శ్రావణ్ చెప్పడం మొదలుపెట్టాడు.